కరువు నేలకు కరకట్టల కాపలా
ఎండిన ఏళ్లలో కట్టలు ఏమరుపాటుకు గురైతేనే వరద రోజున గండ్లు

రాయలసీమ పేరు చెప్పగానే ఎవరికైనా స్ఫురించేది కరువు. వానకోసం ఆకాశం వైపు చూసే రైతు, ఇసుక తేలిన ఏరు, అడుగంటిన చెరువు ఈ ప్రాంతపు సాధారణ దృశ్యాలు. అయితే గత పాతికేళ్లలో రాష్ట్రం చవిచూసిన తీవ్రమైన వరదలలో కొన్ని ఈ కరువు నేలపైనే సంభవించాయన్నది గమనార్హం. 2001లో కడప నగరంలో బుగ్గవంక, 2009లో కర్నూలు నగరంలో తుంగభద్ర, హంద్రీ నదులు, 2021లో రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు సృష్టించిన బీభత్సం ప్రజల స్మృతిపథం నుంచి నేటికీ చెరగలేదు. ఈ మూడు సంఘటనలలోనూ ప్రధానాంశం ఒక్కటే. అది నీటికీ జనావాసాలకూ నడుమ నిలిచే కట్ట. ఆ కట్ట ఎంతవరకు రక్షిస్తుంది, ఎక్కడ రక్షించలేదు, దానిని నిలబెట్టేది ఏమిటి అన్న విషయాలపై అవగాహన వరద వార్తలను ప్రజలకు అందించే పాత్రికేయులకు, క్షేత్రస్థాయిలో విధులు నిర్వర్తించే అధికారులకు ఎంతైనా అవసరం.

పొడి నేలకు వరద ముప్పు

కర్నూలు, కడప ప్రాంతాలలో ఏడాది వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఇది కోస్తా జిల్లాల కంటే తక్కువ. కాని ఈ వాన ఏడాది పొడవునా సమంగా కురవదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినపుడు నెల రోజుల వాన రెండు మూడు రోజులలోనే కురుస్తుంది. చెట్టుచేమలు పలుచగా ఉన్న కొండవాలుల నుంచి ఆ నీరు నేలలో ఇంకకుండా వంకల్లోకి, వంకల నుంచి ఏరుల్లోకి గంటల వ్యవధిలో చేరుతుంది.

రెండో కారణం నదుల పరీవాహక ప్రాంతం. కర్నూలు పక్కన ప్రవహించే తుంగభద్ర పశ్చిమ కనుమలలో పుట్టి, సుమారు 70 వేల చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో కురిసిన నీటిని మోసుకువస్తుంది. అందులో అధిక భాగం కర్ణాటకలో ఉంది. కర్నూలులో చినుకు పడకపోయినా కర్నూలుకు వరద రావచ్చు. కడప ప్రాంతానికి ప్రాణాధారమైన పెన్నా నది కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. ఉత్తరం నుంచి కుందూ, సగిలేరు, దక్షిణం నుంచి చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు ఇందులో కలుస్తాయి. ఈ ఉపనదులు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉంటాయి. ఎండిన ఏటిని చూసి అలవాటుపడిన ప్రజలు దాని గర్భంలోనే గుడిసెలు వేయడం, పంటలు పెట్టడం, దారులు తీయడం కద్దు. ఏరు తన దారిని మరచిపోదు. మనుషులే మరచిపోతారు.

కట్ట చేసే పని

నది ఒడ్డున మట్టితోగాని, రాతితోగాని, కాంక్రీటుతోగాని నిర్మించి, పొంగిన నీరు ఊళ్లలోకి, పొలాలలోకి రాకుండా నిలువరించే నిర్మాణమే కరకట్ట. స్థలం చాలినంత ఉన్న చోట మట్టికట్టను, నగరాలలో స్థలం ఇరుకైన చోట కాంక్రీటు రక్షణ గోడను నిర్మిస్తారు. మట్టికట్ట లోపలి గర్భంలో నీటిని సులభంగా పోనివ్వని బంకమట్టిని, వెలుపల గరుసును వేసి, పొరలు పొరలుగా రోలరుతో తొక్కిస్తారు. నీటివైపు వాలు కోసుకుపోకుండా రాతి పరుపు, అంటే రివిట్‌మెంట్ పేరుస్తారు. గట్టు బయటివైపు పాదం వద్ద ఊటనీరు మట్టిని మోసుకుపోకుండా ఇసుక, కంకరలతో వడపోత పొరను ఏర్పాటు చేస్తారు.

కట్ట ఎత్తును నిర్ణయించే విధానం ముఖ్యమైనది. సాధారణంగా పంట భూముల రక్షణకు 25 ఏళ్లకు ఒకసారి వచ్చే స్థాయి వరదను, పట్టణాల రక్షణకు 100 ఏళ్లకు ఒకసారి వచ్చే స్థాయి వరదను ప్రాతిపదికగా తీసుకుంటారు. ఆ నీటిమట్టంపై ఫ్రీబోర్డు అని ఇంజనీర్లు పిలిచే అదనపు ఎత్తును కలుపుతారు. అలల తాకిడికి, లెక్కలలోని తేడాకు, కట్ట కుంగుదలకు ఈ అదనపు ఎత్తు రక్షణ కల్పిస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవలసి ఉంది. ‘100 ఏళ్ల వరద’ అంటే ఒకసారి వచ్చిన తరువాత మరో 100 ఏళ్ల వరకు రాదని అర్థం కాదు. ఏ ఏడాదిలోనైనా అది వచ్చే అవకాశం నూటికి ఒక వంతు ఉందని మాత్రమే అర్థం. ఈ లెక్కన 30 ఏళ్లపాటు ఒకే ఇంట్లో నివసించే కుటుంబం ఆ స్థాయి వరదను కనీసం ఒకసారి చూసే అవకాశం నూటికి 26 వంతులు. 25 ఏళ్ల వరదకు కట్టిన కట్ట వెనుక పదేళ్లు సేద్యం చేసే రైతుకు అది దాదాపు మూడింట ఒక వంతు. కాబట్టి కట్ట కట్టడంతో వరద ముప్పు తగ్గుతుందే తప్ప తొలగిపోదు.

2009: కర్నూలు అనుభవం

కర్నూలు నగరం తుంగభద్ర, హంద్రీ నదుల సంగమం వద్ద వెలసింది. నగరానికి దిగువన తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. శ్రీశైలం జలాశయం నిండినపుడు దాని వెనుక జలాలు కర్నూలు సమీపం వరకు వ్యాపిస్తాయి. 2009 సెప్టెంబరు చివరిలో, అక్టోబరు ఆరంభంలో కర్ణాటకలోనూ కర్నూలు ప్రాంతంలోనూ ఒకేసారి కుంభవృష్టి కురిసింది. ఎగువ నుంచి తుంగభద్ర, పక్క నుంచి హంద్రీ ఒకే సమయంలో పొంగాయి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠం ప్రాంగణం నీట మునిగింది. అక్టోబరు 2న కర్నూలు పాత నగరం జలమయమైంది. తుంగభద్ర నీటిమట్టం పెరగడంతో హంద్రీ నీరు పోయేందుకు దారిలేక వెనక్కి తన్నింది. నగరపు మురుగు కాలువలు నీటిని నదిలోకి పంపవలసింది పోయి, నది నీటినే వీధులలోకి తెచ్చాయి.

ఆ సమయంలో శ్రీశైలం జలాశయానికి వచ్చిన గరిష్ఠ ప్రవాహం సుమారు 25 లక్షల క్యూసెక్కులు. ఆనకట్ట రూపకల్పనలో పరిగణించిన గరిష్ఠ వరద 19 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్ల నీరు. లక్ష క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే 8.64 టి.ఎం.సి.ల నీరవుతుంది. అంటే 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఒక్క రోజు సాగితే 216 టి.ఎం.సి.లు. నేటి శ్రీశైలం జలాశయపు మొత్తం నిల్వ సామర్థ్యం కూడా దాదాపు అంతే. జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు కాగా, ఆ వరదలో నీరు అంతకు మించి పెరిగినా, రాతికట్టడం అయినందున ఆనకట్ట నిలిచింది.

కర్నూలు అనుభవం ఒక విషయాన్ని స్పష్టం చేసింది. సంగమ స్థలంలో ఉన్న నగరానికి ఒక నది ఒడ్డున మాత్రమే కట్ట ఉంటే చాలదు. రెండు నదుల నీటిమట్టాలను, దిగువ జలాశయపు వెనుక జలాల ప్రభావాన్ని, నగరం లోపలి మురుగునీటి నిష్క్రమణను కలిపి ఒకే ప్రణాళికగా చూడవలసి ఉంటుంది. రక్షణ గోడ గుండా పోయే ప్రతి కాలువకు, నది పొంగినపుడు మూసుకునే షట్టరు ఉండాలి. షట్టరు మూసినపుడు లోపలి వాననీటిని ఎత్తిపోసే మోటార్లు సిద్ధంగా ఉండాలి. ఇవి లేనినాడు గోడ వెనుక నగరం నీటితొట్టిగా మారుతుంది.

కడప నగరం, బుగ్గవంక

కడప నగరం నడుమగా పోయే బుగ్గవంక పెద్ద నది కాదు. ఏడాదిలో అధిక దినాలు సన్నని పాయగానే కనిపిస్తుంది. ఈ కారణంగానే దశాబ్దాల కాలంలో వంక వెడల్పు కుంచించుకుపోయి, గట్ల మీదకు ఇళ్లు వచ్చాయి. 2001 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు వంక ఒక్కసారిగా పొంగి నగరంలో ప్రాణనష్టానికి, ఆస్తినష్టానికి దారితీసింది. తదనంతరం వంకకు ఇరువైపులా రక్షణ గోడల నిర్మాణం చేపట్టడం జరిగింది. 2020 నవంబరులో నివర్ తుపాను ప్రభావంతో బుగ్గవంక తిరిగి పొంగినపుడు లోతట్టు కాలనీలు మరోసారి ముంపునకు గురయ్యాయి.

ఈ రెండు సంఘటనలు నేర్పే పాఠం ఒకటే. రక్షణ గోడ ఒక గొలుసు వంటిది. ఒక కొక్కెం లేకపోయినా గొలుసు పనిచేయదు. గోడ పూర్తికాని చోట, వంతెన కానాలు ఇరుకైన చోట, చెత్త పేరుకున్న చోట నీరు తన దారిని వెతుక్కుంటుంది. నగరాల మధ్య పారే చిన్న వంకలకు హెచ్చరిక వ్యవధి కూడా చాలా తక్కువ. తుంగభద్ర ఎగువన పొంగితే కర్నూలుకు సిద్ధపడేందుకు గంటలు, ఒక్కొక్కసారి రోజుల సమయం లభిస్తుంది. బుగ్గవంక వంటి వాగు విషయంలో ఆ అవకాశం ఉండదు.

2021: చెయ్యేరు విషాదం

2021 నవంబరు 19 తెల్లవారుజామున నాటి కడప జిల్లా రాజంపేట సమీపంలో చెయ్యేరు నదిపై ఉన్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకుపోయింది. వాయుగుండం వల్ల కురిసిన అతి భారీ వర్షాలకు ఎగువన పింఛా జలాశయం వద్ద గండి పడి, ఆ నీరు సైతం అన్నమయ్య జలాశయానికి చేరింది. జలాశయం సామర్థ్యం సుమారు 2.24 టి.ఎం.సి.లు. స్పిల్‌వే విడుదల చేయగలిగినది సుమారు 2.17 లక్షల క్యూసెక్కులు. వచ్చిన ప్రవాహం 3 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ప్రవాహానికి ఖాళీ జలాశయం సైతం రెండు గంటలలో నిండిపోతుంది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయని స్థితిలో ఉంది. నీరు కట్ట మీదుగా పొర్లింది. మట్టికట్ట కరిగిపోయింది. దిగువన పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట తదితర గ్రామాలు క్షణాలలో వరద పాలయ్యాయి. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఇళ్లు, పశువులు కొట్టుకుపోయాయి. పచ్చని పొలాలపై ఇసుక మేట వేసింది. అదే వరదల్లో కమలాపురం సమీపంలో పాపాఘ్నిపై వంతెన సైతం కూలింది.

శ్రీశైలం వద్ద 2009లో నిలిచినది రాతి ఆనకట్ట. చెయ్యేటిపై 2021లో కరిగినది మట్టికట్ట. రాతి, కాంక్రీటు కట్టడాలు కొంతవరకు నీరు పైనుంచి పొర్లినా తట్టుకోగలవు. మట్టికట్ట తట్టుకోలేదు. దానిపై అంగుళం మందాన నీరు పారినా వెనుకవాలు కోసుకుపోవడం మొదలై, గంటల్లోనే గండిగా మారుతుంది. అందుకే మట్టికట్ట ప్రాణం గేట్లలోను, మరవలలోను ఉంటుంది. నీరు పోయే దారి సిద్ధంగా ఉన్నంతకాలమే కట్ట నిలుస్తుంది.

గండి ఎలా పడుతుంది

గండి పడేందుకు ప్రధానంగా నాలుగు కారణాలు కనిపిస్తాయి. మొదటిది పైన పేర్కొన్న విధంగా నీరు కట్టపై పొర్లడం. రెండోది ఊట. నీటి ఒత్తిడికి కట్ట లోపల సన్నని దారి ఏర్పడి క్రమంగా బుంగగా మారుతుంది. కట్ట పాదం వద్ద తేటనీరు ఊరుతుంటే గమనిస్తూ ఉంటే చాలు. మట్టిరంగు నీరు ఊరుతుంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నదని గ్రహించి, తక్షణం ఆ ఊట చుట్టూ ఇసుక బస్తాలతో వలయం కట్టాలి. మూడోది కోత. నది వంపు తిరిగే చోట ప్రవాహం గట్టు పాదాన్ని తొలిచివేస్తుంది. నాలుగోది జారుడు. రోజుల తరబడి నానిన కట్ట, నీరు హఠాత్తుగా తగ్గినపుడు లోపలి తడి బరువుకు నదివైపు జారిపోతుంది. వరద తగ్గిందని కాపలా ఎత్తివేయడం ఈ కారణంగానే ప్రమాదకరం.

ఈ నాలుగింటికీ బీజం పడేది వరద రోజున కాదు, ఎండిన ఏళ్లలో. నల్లరేగడి మట్టి ఎండకు బారెడు లోతున నెర్రెలు విచ్చుతుంది. పందికొక్కులు, ఎలుకలు కట్టలో బొరియలు తవ్వుతాయి. సర్కారు తుమ్మ వేళ్లు లోపలికి పాకి, చెట్టు చచ్చిన తరువాత ఆ వేళ్లు కుళ్లి గొట్టాలుగా మిగులుతాయి. పొలాలకు దారికోసం కట్టను అక్కడక్కడ కోస్తారు. ఇంటి పునాదికని మట్టి తవ్వుకుపోతారు. ఇసుక తవ్వకాలు గట్టు పాదాన్ని బలహీనపరుస్తాయి. గేట్లు తుప్పు పడతాయి. ఏడాది పొడవునా నీటిని మోసే డెల్టా కట్టను జనం రోజూ చూస్తారు. చిన్న ఊట కనిపించినా కబురు అందుతుంది. పదేళ్లకు ఒకసారి మాత్రమే నీరు చూసే రాయలసీమ కట్ట బలహీనత, వరద వచ్చేదాకా ఎవరి కంటా పడదు.

ఇతర ప్రాంతాల అనుభవాలు సైతం ఇదే చెబుతున్నాయి. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా వద్ద కోసీ నది కరకట్టకు గండి పడి బీహారులో లక్షలాది మంది నిరాశ్రయులయ్యారు. ఆ కట్ట రూపకల్పన 9.5 లక్షల క్యూసెక్కులకు జరిగింది. గండి పడిన నాడు నదిలో ఉన్న ప్రవాహం లక్షన్నర క్యూసెక్కులు కూడా లేదు. కట్ట ఎత్తు చాలక కాదు, పాదం కోతకు గురైనందున తెగింది. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట వద్ద తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినపుడు కర్నూలు ప్రాంతంలో అప్రమత్తత ప్రకటించవలసి వచ్చింది. కొద్ది రోజులలోనే ఇంజనీర్లు స్టాప్‌లాగ్‌లను అమర్చి నీటి వృథాను అరికట్టగలిగారు. అదే ఏడాది సెప్టెంబరు ఆరంభంలో విజయవాడలో కృష్ణా కట్టలు 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహాన్ని కాయగా, చిన్నదైన బుడమేరుకు పడిన గండ్లు నగరంలో పలు ప్రాంతాలను ముంచాయి.

ఆరు వందల ఏళ్ల నాటి హెచ్చరిక

కట్టల శాస్త్రం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఈ చెరువును నిర్మింపజేశాడు. రోజుకు వేయి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లపాటు పని జరిగినట్లు శాసనం తెలుపుతున్నది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఈ శాసనం వివరించింది. గట్టి మట్టి నేల, మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట, జలశాస్త్రం తెలిసిన నిపుణుడు, పనితనం గల కూలీలు అంగాలలో కొన్ని. దోషాల పట్టికలో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి. సాగుభూమి తక్కువై నీరు మితిమీరి చేరడం మరొకటి. ఊటను, అధిక జలాన్ని కట్టకు శత్రువులుగా ఆనాడే గుర్తించడం విశేషం.

కట్ట ఒక్కటే చాలదు

కట్ట నదిని ఇరుకు చేస్తుంది. ఇరుకైన చోట నీటిమట్టం పెరుగుతుంది. ఒక ఒడ్డున కట్ట ఎత్తు పెంచితే ఎదుటి ఒడ్డుపై, దిగువ ఊళ్లపై ఒత్తిడి పెరుగుతుంది. పొలాలపై పరచుకోవలసిన పూడిక నదీగర్భంలోనే మేటవేయడంతో కొంతకాలానికి అదే కట్ట పొట్టిదవుతుంది. కట్ట వెనుక భద్రత ఉందన్న నమ్మకంతో లోతట్టులో ఇళ్లు పెరిగి, తెగిన నాడు నష్టం మునుపటికంటే అధికమవుతుంది. శతాబ్దాలుగా కట్టలనే నమ్ముకున్న నెదర్లాండ్స్ దేశం కూడా ఇటీవలి దశాబ్దాలలో కొన్నిచోట్ల కట్టలను వెనక్కి జరిపి, నదికి చోటు ఇచ్చే విధానాన్ని అనుసరించింది.

రాయలసీమలో నదికి చోటు ఇవ్వడమంటే వంకల హద్దులను గుర్తించి ఆక్రమణలను నివారించడం, గొలుసుకట్టు చెరువుల మరవలను బాగుచేయడం, వంతెనల కానాలను తగినంత వెడల్పుగా ఉంచడం. 1884 నాటి నదుల పరిరక్షణ చట్టం, 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ఇందుకు అధికారాన్ని కల్పిస్తున్నాయి. చెయ్యేటి విషాదం జరిగిన కొద్ది వారాలకు, 2021 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం నిర్దేశిత పరిమాణం గల ఆనకట్టలకు క్రమబద్ధమైన తనిఖీలను, అత్యవసర కార్యాచరణ ప్రణాళికను తప్పనిసరి చేసింది.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

వర్షాకాలానికి ముందు ముళ్లచెట్ల తొలగింపు, బొరియల పూడ్చివేత, ప్రతి గేటునూ ఎత్తి దించి పరీక్షించడం, షట్టర్లకు గ్రీజు, ఇసుక బస్తాలు, బండరాళ్లు, వెదుళ్ల నిల్వ అత్యవసరం. రాయలసీమకు ఈ తనిఖీ ఏడాదికి రెండుమార్లు జరగాలి. తుంగభద్రకు వరద నైరుతి రుతుపవనాలతో జూన్ నుంచి, పెన్నా ఉపనదులకు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తుంది. వరద సమయంలో రాత్రింబవళ్లు లష్కర్ల గస్తీ, గ్రామంలో చాటింపుకు ముందుగానే నియమితుడైన వ్యక్తి, ఎత్తైన పునరావాస స్థలం, అక్కడికి చేరే దారి నిర్ణయమై ఉండాలి. చెయ్యేటి వంటి చోట ఒక్క గంట ముందు అందిన కబురు కట్ట కంటే విలువైనది.

వార్తా రచనలో పదాల ఎంపికకూ ప్రాధాన్యం ఉంది. ‘కట్ట తెగింది’, ‘కట్టపై నీరు పొర్లింది’, ‘నీరు వెనక్కి తన్నింది’ అన్నవి మూడు వేర్వేరు సంఘటనలు. మొదటిది నిర్మాణ లేదా నిర్వహణ వైఫల్యం కావచ్చు. రెండోది అంచనాలను మించిన ప్రవాహం కావచ్చు. మూడోది మురుగు వ్యవస్థ లోపం కావచ్చు. ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అంకెలను వేళతో సహా ఇవ్వడం, ధ్రువపడని గండి వార్తలను ప్రచురించకపోవడం ప్రజలను అనవసర భయాందోళనల నుంచి కాపాడుతుంది. వరద లేని ఏడాదిలో కట్టల స్థితిగతులపై వెలువడే ఒక్క వార్త, వరద రోజున వెలువడే పది వార్తలకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

కట్ట కట్టడం ఒకనాటి పని. కాపాడుకోవడం ఏటేటి పని. ఏరు ఎండి ఉన్ననాడే దాని కట్టపై నడిచి చూసే అధికారి, గట్టు మట్టిని తవ్వనివ్వని గ్రామస్థుడు, గేటు పనిచేస్తున్నదా అని ప్రశ్నించే పాత్రికేయుడు ముగ్గురూ కలిసినపుడే కరువు సీమకు వరద నుంచి రక్షణ లభిస్తుంది.